అరవై ఏడో ఏట కాకరకాయ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ నకారా కేసు గుర్తుకు వస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదనీ, ఉద్యోగి తన సేవతో సంపాదించుకున్న హక్కు అనీ తీర్పు చెప్పింది. ఆ హక్కు పుణ్యాన మనం నెలనెలా పెన్షను తీసుకుంటున్నాం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, బతికే ఉన్నామని ట్రెజరీకి రుజువు చేసుకుంటున్నాం. ఆ సర్టిఫికెట్ ఇంకొన్నేళ్లు ఇవ్వాలంటే ఏం చేయాలి అన్నదే ఈ రోజు నా విషయం.

కార్యదర్శి గారు నన్ను పిలిచి, “ఆరోగ్యకరమైన ఆహారం గురించి పది నిమిషాలు మాట్లాడండి” అన్నారు. “అయ్యా, నేను డాక్టరును కాను. తాలూకాఫీసులో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన వాణ్ణి. పైగా నా తిండి సంగతి మీకు తెలుసు కదా” అన్నాను. “తెలుసు కాబట్టే అడుగుతున్నాను. ఏం తినాలో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. తిననివాడు తినటం ఎట్లా నేర్చుకున్నాడో చెప్పేవాళ్లు లేరు” అన్నారు. అందువల్ల ధైర్యం చేసి నిలబడ్డాను.

ముందుగా నా నేరం ఒప్పుకుంటాను. నాతో పనిచేసిన వాళ్లు ఈ సభలో నలుగురైదుగురు ఉన్నారు, వాళ్లు సాక్షులు. నేను తినే కూరలు ఉద్యోగమంతా మూడే: ఉర్లగడ్డ వేపుడు, ఉర్లగడ్డ కుర్మా, ముద్దపప్పు. వీటితో పాటు ఊరగాయ, అప్పడం, పెరుగు. కాకరకాయ పేరు చెబితే ముఖం తిప్పుకునేవాణ్ణి. పొట్లకాయ వాసన పడేది కాదు. సొరకాయ చప్పన. ఆకుకూరలు పశువుల మేత. వంకాయ చూస్తే అనుమానం. జమాబందీ రోజుల్లో గ్రామాల్లో భోజనాలు పెట్టేవారు. ఆ ఇంటి ఇల్లాలు కష్టపడి నాలుగు రకాలు చేసి వడ్డిస్తే, నేను విస్తరి అంచుకు అన్నీ నెట్టేసి, ఊరగాయా పెరుగూ కలుపుకుని లేచేవాణ్ణి. ఆమె ముఖం ఎట్లా ఉండేదో అప్పుడు చూడలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఈ గుణం పుట్టుకతో వచ్చింది కాదు. నేను అనంతపురం జిల్లా మెట్ట పల్లెలో 1950లో పుట్టాను. మా ఇంట్లో పొద్దున రాగి సంగటి, రాత్రికి కొర్రన్నమో జొన్నరొట్టెనో. వానలు పడితే చేలో దొరికే గురుగాకు, చెంచలాకు తెచ్చి మా అవ్వ పుల్లగూర చేసేది. వరి అన్నం పండగకే. అప్పుడు అన్నీ తినేవాణ్ణి. తినకపోతే వేరేది ఉండేది కాదు.

హైస్కూలు చదువుకు పట్నం వచ్చి ఒక హాస్టల్లో చేరాను. అక్కడ రోజూ వరి అన్నమే. స్వర్గమనుకున్నాను. అయితే ఒకనాడు వంకాయ కూరలో పురుగు వచ్చింది. ఇంకోనాడు ఆకుకూరలో ఇసుక పంటికింద కరకరమంది. ఆ రెండు రోజులూ నాలో నిలిచిపోయాయి. వంటవాడు సరిగా కడగకపోవటం కూరల తప్పు కాదు కదా! కానీ పద్నాలుగేళ్ల వయసులో పడిన ముద్ర చెరగటం కష్టం.

రెండో కారణం కొంచెం చెప్పుకోలేనిది. 1973లో ఉద్యోగం వచ్చాక, సన్నబియ్యం అన్నం తినటం పెద్దరికమని నా మనసులో పడిపోయింది. సంగటి తినేవాడు కూలివాడు, అన్నం తినేవాడు ఆఫీసరు అన్న లెక్క. ఈ లెక్క నా ఒక్కడిదే కాదు. 1983లో ఎన్.టి. రామారావు గారు కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక, ఆకలి తీరినందుకు జనం సంతోషించారు, సంతోషించవలసినదే. కానీ దానితో పాటు మా సీమ పల్లెల్లో సంగటి కుండ వారానికి ఒకనాటికి తగ్గింది, కొర్ర చేలు తగ్గాయి. చిన్నప్పటి తిండిని నాసిరకమని మేమే తీర్మానించుకున్నాం.

2008లో రిటైరయ్యాను. 2011లో కళ్లు మసకలు వస్తే పరీక్ష చేయించుకున్నాను. పరగడుపున 168, భోజనం తర్వాత 274. డాక్టరు గారు మాత్రలు రాసి, “అన్నం తగ్గించండి, ఉర్లగడ్డ తగ్గించండి, ఆకుకూరలు, కాయకూరలు పెంచండి” అన్నారు. నేను మాత్రలు వేసుకున్నాను. మిగతా ఆదేశం ఫైలులో పెట్టాను. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ‘చూడబడినది’ అని సంతకం చేసి పక్కన పెట్టాను. ఆరేళ్లు అట్లాగే గడిచింది. మాత్రలు ఒకటి నుంచి మూడయ్యాయి. అరికాళ్లలో మంటలు మొదలయ్యాయి. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ 9.1కి చేరింది. అయినా బుద్ధి రాలేదు.

బుద్ధి వచ్చింది వేరే దారిన. 2017లో మా ఆవిడ స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి నెల రోజులు చూసుకుని, ఉద్యోగం ఉంది గనుక వెళ్లిపోయింది. ఇరుగుపొరుగు వాళ్లు నాలుగు రోజులు క్యారియర్లు పంపారు. ఎన్నాళ్లు పంపుతారు? ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లవలసిన మనిషిని నేను.

మొదటిరోజు మా ఆవిడ మంచం దగ్గర నిలబడి, “నీకేం కూర చేయమంటావు?” అని అడిగాను. ఆమె కొంచెం ఆలోచించి, “కాకరకాయ” అంది. నేను తెల్లబోయాను. “నీకు కాకరకాయ ఇష్టమా?” అన్నాను. “మా అమ్మగారింట్లో వారానికి రెండుసార్లు చేసేవాళ్లం. చాలా ఇష్టం” అంది. మరి ఇన్నేళ్లూ చేయలేదేం అంటే, “మీకు ఆ వాసనే పడదంటిరి కదా. నా ఒక్కదాని కోసం ఏం చేసుకుంటానులే అనుకున్నాను” అంది.

అప్పటికి మా పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు. ఆమె ఇష్టమైన కూర ఏదో నాకు తెలియదు. ఎవరి సర్వీసు రిజిస్టరులో ఏ ఎంట్రీ ఎక్కడ ఉందో చూడకుండా చెప్పగలిగేవాణ్ణి, నా ఇంట్లో ఈ ఎంట్రీ లేదు. నా నాలుకకు నచ్చనివి నేను మానేశాననుకున్నాను. నిజానికి ఆమె చేత కూడా మాన్పించాను. పిల్లలు ఉన్నప్పుడు వాళ్లకు ఒక కూర, నాకు ఒక వేపుడు, రెండేసి పొయ్యిలు. ఆ చాకిరీ నేనెప్పుడూ లెక్కలో వేయలేదు.

ఆ రోజు రైతుబజారుకు వెళ్లి అరకిలో కాకరకాయలు తెచ్చాను. మంచం మీద నుంచి ఆమె చెబుతుంటే నేను చేశాను. పల్చగా చక్రాల్లా తరగాలి, ముదురు గింజలు తీసేయాలి, ఉప్పూ పసుపూ రాసి ఇరవై నిమిషాలు ఉంచి పిండేయాలి, రెండు చెంచాల నూనెలో సన్నని సెగ మీద వేయించాలి. నేను మూతపెట్టి కూర్చున్నాను. లోపలి నుంచి, “మూత తీయండి, మెత్తబడిపోతుంది” అని కేక. చివర్లో వేయించిన చెనిక్కాయలు, ఎండుకొబ్బరి, ఎండుమిరపకాయలు, చిన్నుల్లిపాయలు దంచిన పొడి చల్లాను. ఆమె పళ్లెం ఖాళీ చేసి వేళ్లు కూడా తుడుచుకుంది. నేను వండింది గనుక నేను కూడా మూడు ముద్దలు తిన్నాను. చేదుగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ ఇన్నేళ్లుగా నేను భయపడినంత చేదుగా లేదు.

ఆ రాత్రి ఒక పాత రూళ్ల పుస్తకం తీసి పర్సనల్ రిజిస్టరులాగా గళ్లు గీశాను. క్రమసంఖ్య, కూర పేరు, ఏ విధంగా వండినది, ఎన్నోసారి, రిమార్కులు. నేను తినని కూరలు లెక్కవేస్తే పద్నాలుగు తేలాయి. ఒక్కొక్క దానికి పది అవకాశాలు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను. మనం ఒక్క తాఖీదుకే జవాబు రాలేదని ఫైలు మూసేవాళ్లమా? రిమైండరు మీద రిమైండరు వేసేవాళ్లం కదా. కూరల విషయంలో మాత్రం ఒక్కసారి బాగా లేకపోతే జన్మకంతా మూసేస్తాం.

తర్వాత తెలిసింది, ఈ పద్ధతి నేను కనిపెట్టినది కాదని. పసిపిల్లలకు కొత్త రుచి అలవాటు కావాలంటే పది పదిహేను సార్లు చూపించాలని పోషకాహార నిపుణులు చెబుతారు. పెద్దవాళ్ల నాలుకా అంతే. వేప చేదు గురించి వేమన చెప్పిన మాట నేను బడిలోనే కంఠతా పట్టాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. దాన్ని విస్తట్లోకి తెచ్చుకోవటానికి ఇన్నేళ్లు పట్టింది.

నా రిజిస్టరు నేర్పిన సంగతులు నాలుగు చెబుతాను.

మొదటిది: కొత్త కూరను ఆకలి మీద, భోజనం మొదట్లో తినాలి. ఆకలి రుచి ఎరుగదని మన పెద్దలు ఊరికే అనలేదు. కడుపు నిండాక చివర్లో పెట్టుకుంటే ఏదీ రుచించదు. మూడు ముద్దలు చాలు. బలవంతంగా పళ్లెం నిండా పెట్టుకుంటే పాత పగ పెరుగుతుంది.

రెండవది: చాలాసార్లు మనకు పడనిది కూర కాదు, వండిన తీరు. తోటకూర నీళ్లు కారుతూ ఉడికిస్తే నాకు ఇప్పటికీ దిగదు. అదే కందిపప్పులో వేసి, తెల్లగడ్డ తాలింపు పెడితే రెండుసార్లు వేసుకుంటాను. బీరకాయ కూర నచ్చలేదు. దాని పొట్టుతో నువ్వులు వేసి పచ్చడి చేస్తే నచ్చింది. పచ్చడి నచ్చిన నెలకు కూర కూడా నచ్చింది. మటిక్కాయలు వట్టి వేపుడుగా ఒప్పలేదు, చెనిక్కాయల పొడి వేస్తే ఒప్పాయి. అందువల్ల మూడుసార్లు ఒక విధంగా కుదరకపోతే నాలుగోసారి విధం మార్చేవాణ్ణి.

మూడవది: తరిగిన చేతికి ఆ కూర మీద కోపం తగ్గుతుంది. లేత కాయ ఏదో, ముదురు ఏదో బజారులో చూసి ఏరుకోవటం, ఆకు ఒక్కొక్కటి తుంచి మూడు నీళ్లలో కడగటం ఇవన్నీ నేనే చేశాక, హాస్టలు నాటి పురుగు భయం పోయింది. కడిగింది నేనే, కాబట్టి ఇసుక ఉండదని నాకు తెలుసు.

నాలుగవది ఉప్పు. మా ఇంట్లో ఊరగాయ లేని పూట ఉండేది కాదు. ఒక్కసారిగా మానేస్తే అన్నం సయించలేదు. అందువల్ల వారం వారం కొంచెం తగ్గించుకుంటూ వచ్చాను. నాలుగైదు వారాలకు నాలుక సర్దుకుంది. ఇప్పుడు పెళ్లి భోజనాల్లో కూరలు ఉప్పగా అనిపిస్తున్నాయి. వయసు పెరిగేకొద్దీ వాసనా రుచీ పట్టే శక్తి తగ్గుతుంది. మనం అది తెలియక “కోడలు చప్పగా చేసింది” అని ఉప్పు కలుపుకుంటాం. ఉప్పుకు బదులు నిమ్మకాయ, జీలకర్ర, కొత్తిమీర, తెల్లగడ్డ పెంచి చూడండి.

చేదు విషయంలో ఇంకొక మాట. అందరి నాలుకా ఒకటి కాదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో ఒక పొడితో పనిచేస్తుంటే అది గాలికి లేచింది. పక్కనున్న ఆయన నోరంతా చేదన్నాడు, ఫాక్సుకు మాత్రం ఏ రుచీ తగలలేదు. ఆ విధంగా, కొందరికి కొన్ని చేదులు పుట్టుకతోనే ఎక్కువగా తెలుస్తాయని బయటపడింది. కాబట్టి మీ ఇంట్లో మనవడో మనవరాలో కాకరకాయ వద్దంటే వెంటనే పొగరు అనకండి. కొట్టి తినిపించకండి. రిమైండర్లు వేయండి.

ఇప్పుడు ఎంత తినాలి? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కేలరీల భోజనంలో కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, బియ్యం, రాగి వంటి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు అని లెక్క ఇచ్చింది. పళ్లెంలో ఇంచుమించు సగం కూరలూ పళ్లే ఉండాలన్నమాట. ఉప్పు అన్నిట్లో కలిపి రోజుకు 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చిన్న చెంచా. మన వయసులో, కూర్చుని ఉండే మనకు తిండి పరిమాణం ఇంకా తగ్గవచ్చు గానీ కూరల వాటా తగ్గకూడదు. నా పళ్లెంలో అంతకు ముందు ముప్పాతిక భాగం అన్నమే. ఇప్పుడు ముందు కూరలు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకుంటాను. ఈ చిన్న మార్పు చాలా పని చేస్తుంది.

సంగటి కూడా తిరిగి వచ్చింది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నేను సిగ్గుపడి వదిలేసిన కొర్రలు, రాగులు అందమైన సంచుల్లో, బియ్యం కంటే ఎక్కువ ధరకు అంగళ్లలో కూర్చున్నాయి. మా అవ్వ చూస్తే నవ్వుకునేది. అయితే ఒక హెచ్చరిక. కొర్రన్నమైనా, సంగటి అయినా అవీ పిండిపదార్థాలే. “షుగరుకు మంచిది” అని రెండు ముద్దలు ఎక్కువ తింటే షుగరు పెరిగే తీరుతుంది. నా మీటరు నాకు ఈ పాఠం రెండుసార్లు చెప్పింది.

మరికొన్ని జాగ్రత్తలు. కాకరకాయ రసం తాగుతున్నామని మాత్రలు మానేయకండి. కూర కూరే, మందు మందే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి కొన్ని ఆకుకూరలు, పళ్లు మితంగా తినమని చెబుతారు, వారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు. కట్టుడు పళ్లవారు నమలలేమని కూరలు మానేసి పెరుగన్నానికి దిగిపోతుంటారు. తురిమి వండుకోండి, మెత్తగా ఉడికించి పప్పులో మెదపండి, పచ్చడి చేసుకోండి. మార్గాలున్నాయి.

ఏడాదిన్నర తర్వాత నా హెచ్‌బీఏ1సీ 7.2కు దిగింది. ఇది ఒక్క కూరల ఘనత కాదు. మాత్రలు, నడక, కూరలు మూడూ కలిసి చేసిన పని. డాక్టరు గారు మూడు మాత్రల్లో ఒకటి తీసేశారు. అరికాళ్ల మంటలు పూర్తిగా పోలేదు. ఆరేళ్లు ఫైలు తొక్కిపెట్టినందుకు అది నాకు పడిన పెనాల్టీ అనుకుంటాను. అందుకే చెబుతున్నాను, మీరు నా అంత ఆలస్యం చేయకండి.

నా రిజిస్టరులో పద్నాలుగు కూరల్లో పన్నెండు సాధించాను. పొట్లకాయ, బచ్చలి పది రిమైండర్లకూ లొంగలేదు. వాటిని ఎల్.డిస్. చేసి ఫైలు మూసేశాను. అన్నీ నచ్చి తీరాలన్న నియమమేమీ లేదు. కానీ ఇప్పుడు మా ఇంట్లో పొట్లకాయ వండుతారు. మా ఆవిడకు అది కూడా ఇష్టమని తేలింది. ఆమె తింటుంది, నేను ఆ పూట పప్పుతో సరిపెట్టుకుంటాను. వాసన పడదు అనే మాట మా ఇంట్లో ఇక నేను అనను.

ఆమె ఇప్పుడు చేతికర్ర సాయంతో నడుస్తోంది. మహిళల వరుసలో కూర్చుని నేనేం చెబుతానోనని భయపడుతోంది. మా ఇంట్లో వంట ఇప్పుడు ఇద్దరిదీ. తరగటం, కడగటం నా డ్యూటీ. తాలింపు ఆమెది. కాకరకాయ మాత్రం ఇప్పటికీ నేనే చేస్తాను. మూత పెట్టకుండా.

చివరిగా మగ పెన్షనరు సోదరులకు ఒక మనవి. ఈ రోజు ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లో వండిపెట్టే మనిషిని, భార్య కావచ్చు, కోడలు కావచ్చు, కూతురు కావచ్చు, ఆమెకు ఏ కూర ఇష్టమో ఒకసారి అడగండి. తెలిసిన వారు ధన్యులు. తెలియనివారు రేపు పొద్దున సంచీ తీసుకుని బజారుకు వెళ్లి ఆ కూర తెండి. మీరు కూడా మూడు ముద్దలు తినండి. ఆరోగ్యం అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

 ఈ రోజు సభ భోజనంలో తోటకూర పప్పు ఉన్నదని విన్నాను. దయచేసి ఎవరూ విస్తరి అంచుకు నెట్టవద్దు.